వెనుక గుండీల జాకెట్

పోయిన వారం మా మేనత్త పోయింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు ఒరుగుతానని మంచమెక్కిందట. మళ్లీ లేవలేదు. బోయిగూడలో ఆమెతో ఉండే మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, అత్తమ్మ పోయింది" అనగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "జాకెట్ ఎక్కడుందిరా?" వాడు ఏమనుకున్నాడో ఏమో! అలా ఎందుకడిగానో మీకు చెబితే, ఆమె గురించి చెప్పినట్టే.

ఆమె మా నాన్నకు అక్క. వాళ్లమ్మ, అంటే మా నానమ్మ, పిల్లలిద్దరూ ఇంకా పలక పట్టని వయసులోనే కన్నుమూసింది. అత్తమ్మ పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే "తీరికేదీ?" అని మిషన్ తొక్కేది. మా వీధిలో సగం మంది పెళ్లి జాకెట్లు ఆమె చేతి మీదుగా పోయినవే. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఒక్కటి కూడా జారకుండా తిట్టగలిగేది. నాకు కుట్టు నేర్పాలని చూసి విసిగిపోయింది. "గుడ్డతోని కొట్లాడకే, బతిమాలుకో" అనేది. నేను కొట్లాడే రకం. ఇంక ఆ విద్య నాకేం వస్తుంది!

రెండేళ్ల కింద మా పద్మారావు నగర్ ఆడవాళ్లందరం ఒక సరదా అనుకున్నాం. ఆదివారం పొద్దున్నే నానమ్మల కాలం నాటి బట్టలు కట్టుకుని క్లాక్ టవర్ దాకా నడిచిపోయి, ఇరానీ చాయ్ తాగి రావాలని. మా ఇంట్లో నానమ్మది ఒకే ఒక్క ఫొటో ఉంది. స్టూడియో తెర ముందు నిలబడి ఉంటుంది. బుట్ట చేతులు, మెడకు పట్టీ, నడుము దాకా దిగిన జాకెట్. దాన్ని ఫోన్లో పెద్దది చేసుకుని అత్తమ్మ దగ్గరికి పోయాను. కుట్టమని కాదు. అప్పటికే ఆమె రెండు కళ్లకూ మసక. ఇక చూపు తగ్గడమే గాని పెరగడం ఉండదని డాక్టరు చెప్పేశాడు. మిషన్ మీద గుడ్డ కప్పేసింది. మంచి టైలర్ ఎవరో అడుగుదామని వెళ్లానంతే.

"ముందు గుండీలు లేవు అత్తమ్మా. వెనక జిప్పు పెట్టించేస్తాలే" అన్నాను.

"జిప్పా! మా అమ్మకు జిప్పు యాడికెళ్లి వచ్చిందే? ఎనక గుండీలుంటయ్. కింది గుండీ ఒక్కటి వేరేది. మా నాయిన రైల్వే కోటుది, ఇత్తడిది."

"ఫొటోలో వెనక కనబడదు కదా, నీకెట్ల తెలుసు?"

"ఫొటోల ముందరనే ఉంటది. నేను ఎనక నడిచిన గద బిడ్డా. బజారుకు పోతే అమ్మకు రెండు చేతులల్ల సంచులు. ఆ ఇత్తడి గుండీ పట్టుకొని రమ్మనేది నన్ను." ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూసింది. "మొహం నాకు యాదికి లేదు. ఈ ఫొటో చూసి, ఈమెనే మా అమ్మ అనుకుంటా. వీపు మాత్రం మంచిగ యాదికున్నది. కండ్లు మొత్తం పోకముందే ఒక్కసారి ఆ వీపు చూడాలె. నేను కుడుతా, నువ్వు తొడుక్కో."

తల్లి ముఖం మరిచి వీపు గుర్తుంచుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, వినలేదు. వద్దనడానికి నేనెవరిని?

మిషన్ మీది గుడ్డ తీసేసింది. నేరేడుపండు రంగు నూలు గుడ్డ తెప్పించింది. ఫొటోలో రంగెక్కడిది, అది కూడా ఆమెకే తెలుసు. ఇక కొలతలు తీసిన తీరు చెప్పాలి. నన్ను గోడకేసి నిలబెట్టి, నా వెనక పీట వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు నేను గింతున్న" అంది. చిన్నప్పటి తన ఎత్తు అది. అక్కణ్నుంచి తలెత్తి చూస్తూ, నా వీపు తడుముతూ సుద్దతో గీతలు గీసింది. టేపు ముట్టలేదు. ఇంత వయసు మనిషి నా వెనక చిన్నపిల్లయి కూర్చుంటే నేను కదలకుండా నిలబడ్డాను.

కుట్టింది. "కాదు, అమ్మ వీపు గిట్ల లేకుండె" అని విప్పించింది. మళ్లీ కుట్టింది. ఒకరోజు మసక మరీ కమ్మి, కుట్టు గుడ్డ అంచు దాటి బయటికి పోయింది. మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది. నాకు ఏడుపొచ్చి, "పోనీ టైలర్‌కిద్దాం అత్తమ్మా" అన్నాను. గయ్యిమంది. "వాడు చూసిండా మా అమ్మను? సూదిల దారం ఎక్కియ్యి!" ఆ తర్వాత అంతా చేతికుట్టే. వేలికొసలతో తడుముకుంటూ వేసింది. ఆ కుట్లు చూస్తే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

ఇత్తడి గుండీ కోసం జనరల్ బజార్ అంతా తిరిగాం. కళ్లు మూసుకుని బొటనవేలితో ఒక్కొక్కటీ రుద్ది చూసి పక్కకు పెట్టేది. దుకాణదారు పరేషాన్. చివరికి ఒకదాని మీద వేలు ఆగింది. "అది కాదు గని, దాని చుట్టం" అంది.

ఆదివారం తనూ వచ్చింది. నా చీర కొంగును వీపు మీద నుంచి పక్కకు లాగి, గుండీ కనబడేలా నడుముకు చెక్కింది. "ముందు నువ్వు నడువు" అంది. నాలుగడుగులు వేశానో లేదో, నడుము దగ్గర చిన్నగా ఎవరో లాగినట్టయింది. ఆ గుండీ పట్టుకుంది.

"ఎనకకు తిరగకు బిడ్డా. తిరిగితే నువ్వైతవ్."

తిరగలేదు. మోండా మార్కెట్ పక్కన ఆటోలు, తోపుడు బండ్లు, స్నేహితుల కేకలు. "ఇటు చూడవే, ఫొటో!" అని పక్క నుంచి పిలిచినా మెడ తిప్పలేదు. క్లాక్ టవర్ దగ్గర ఆ లాగుడు ఆగింది. అప్పుడు వెనక్కి తిరిగి అడిగాను, "కనబడ్డదా అత్తమ్మా?"

"కనబడుడేందే? మా అమ్మ నన్ను బజారుకు తోల్కపోయింది" అంది. ముఖమంతా నవ్వు. "జెర చాయ్ తాగుదాం పా."

జాకెట్ తనే ఉంచుకుంది. తలుపు మేకుకు, వెనక భాగం బయటికి కనబడేలా తగిలించుకుంది. చూపు పూర్తిగా పోయాక కూడా అటుగా పోయినప్పుడల్లా కింది గుండీని ఓసారి పట్టుకుని పోయేదట. తమ్ముడు చెప్పాడు.

నేను వెళ్లేసరికి అది ఆ మేకుకే ఉంది. ఆమె పట్టి పట్టి గుండీ దారం బాగా వదులై వేలాడుతోంది. "ఊడిపోతది అక్కా, గట్టిగ కుట్టు" అన్నాడు తమ్ముడు. ఆమె డబ్బాలోంచి సూది తీశాను, దారం ఎక్కించాను. కుట్టబుద్ధి కాలేదు. సూదిని డబ్బాలో పెట్టేసి, ఆ గుండీ పట్టుకుని, జాకెట్ వెనకాల కాసేపు నిలబడ్డాను.