ఊరికే ఇచ్చే మందు

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలిన వారానికి విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి, కొత్త మందొకటి పరీక్షిస్తున్నామని చెప్పింది. మామూలు వైద్యం అందరికీ ఇస్తారట. దానికి తోడు కొందరికి కొత్త మందు, కొందరికి ఉత్త సెలైను ఎక్కిస్తారు. ఎవరికేది పడాలో కంప్యూటరు తేలుస్తుంది, తనకు కూడా తెలియదట. ఇష్టమైతే సోమవారం వచ్చి సంతకం పెట్టమంది. ఆ మందు, పరీక్షలు, రానుపోను ఛార్జీలు అన్నీ ఉచితమేనంది.

ఆ చివరి మాటకు అమ్మ మొహం పాలిపోయింది. జీపులో చింతపల్లి దాకా నా మణికట్టు వదల్లేదు.

ఎందుకో నాకు తెలుసు. బడిలో సైన్సు చెప్పేదాన్నయినా తెలుసు. మా కొండల్లో జబ్బుకు కారణం చూసి చెప్పే దిసారి, చేటలో బియ్యం గింజలు లెక్కపెట్టి చూస్తాడు. మనిషి బతికేలా ఉంటే మనం తెచ్చిన కోడిని ఉంచుకుంటాడు. పోయేలా ఉంటే ఏమీ చెప్పడు, కోడిని తిరిగి చేతిలో పెడతాడు. మా నాన్నకు అలాగే తిరిగొచ్చింది. ఆ కోడి వాకిట్లో తిరుగుతుంటే దాన్ని కొయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు, గింజలు వెయ్యడానికీ రాలేదు. తొమ్మిదో రోజు నాన్న పోయాడు. పాస్టరుగారు ఇంట్లో ప్రార్థన చేస్తున్నంతసేపూ అది గుమ్మంలోనే నిలబడింది.

శనివారం పొద్దున్నుంచీ మా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. అమ్మ ఎవరికి చెప్పిందో ఏమో. బయట మంచు ఇంకా విడవలేదు. అందరూ చాపల మీద కూర్చుని, నన్ను చూసి చూపు తిప్పుకునేవారు. పాపం మంచిది, ఎవర్నీ ఒక్క మాట అనేది కాదు అని నా ముందే చెప్పుకున్నారు. కాఫీ ఇస్తే పెద్దమ్మ గ్లాసు నా చేతిలోంచి తీసుకోలేదు, కింద పెట్టమంది. నాకు ఒళ్లు మండిపోయింది. పొయ్యి దగ్గరికి వెళ్లాక మాత్రం, నేను పోయానేమో, నాకొక్కదానికే ఎవరూ చెప్పలేదేమో అనిపించింది.

సోమవారం అమ్మ మా తోట మిరియాలు సంచీలో పోసుకుని నాతో వచ్చి, డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. రోగుల దగ్గర ఏమీ తీసుకోకూడదమ్మా అంటూ ఆవిడ నవ్వి సంచీని వెనక్కి జరిపింది. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. నా కలం కాగితం మీదే ఆగిపోయింది. సిగ్గు విడిచి అడిగేశాను.

“నేను బతకననేనా మీరు ఊరికే ఇస్తున్నది?”

ఈసారి ఆవిడ నవ్వలేదు. “కాదండీ. ఆ మందు పనిచేస్తుందో లేదో మాకింకా తెలీదు. తెలియని మందుకి మీ దగ్గర డబ్బెలా తీసుకుంటాం?”

అమ్మ నా వైపు తిరిగింది.

“దిసారి అన్నీ తెలిసిపోయి తిరిగిచ్చేసినాడే అమ్మీ. ఈయమ్మ తెలీక వొద్దంతంది. సంతకమెట్టు, బేగి ఎట్టు.”

పెట్టాను. నాకు క్యాన్సరని తెలిశాక అమ్మ ఏడవడం అదే మొదటిసారి.