చిన్నమ్మలు పెట్టిన పంచదార

అరకులోయ పక్క కొండవాలులో చిన్నమ్మలుకు ఎకరన్నర కాఫీ తోట ఉంది. రైతుల సంఘానికి వచ్చే అతిథులకు వంట చేసిపెట్టేదీ ఆమే. యాభై రెండేళ్లలో సాలూరు దాటి వెళ్లింది లేదు.

మొన్న జనవరిలో థాయిలాండ్ నుంచి మాలీ అనే కాఫీ రైతు వచ్చి ఆమె ఇంట్లోనే దిగింది. ఒకరి భాష ఒకరికి రాదు. రెండో రోజు కాఫీ పళ్లు కోస్తూ మాలీ ఫోన్‌లో కూతురి ఫొటో చూపించింది. నెలలు నిండిన కడుపుతో ఉంది ఆ పిల్ల. గుండె మీద చెయ్యి వేసుకుని "చీవిత్" అంది.

సంఘంలో పనిచేసే సుజానా ఇంగ్లీషులో అడిగి చెప్పింది: "జీవితం అని పిన్నీ. నా బతుకంతా ఈ పిల్లే అంటంది."

"ఓలమ్మ, మన మాటే!" అని చిన్నమ్మలు మురిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాలీకి ఫోన్ వచ్చింది. తెర మీద ఆ కూతురే. "సియా చీవిత్... సియా చీవిత్" అంటూ మాలీ కళ్ల నీళ్లు పెట్టుకుంది. చిన్నమ్మలుకు అందింది ఒక్క మాటే. ఆ పిల్లకి పురుడొచ్చేసిందనుకుంది. ఒక్క అంగలో లోపలికి వెళ్లి పంచదార డబ్బా తెచ్చి మాలీ నోట్లో ఇంత పోసింది.

"గుంటడా, గుంటా?" అంది నవ్వుతూ.

మాలీ పెదాల మీంచి పంచదార రాలింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సుజానా ఆమెతో రెండు ముక్కలు మాట్లాడి చిన్నమ్మలు వైపు తిరిగింది.

"ఏటి సేసినావు పిన్నీ? ఆవిడ అమ్మ సచ్చిపోనాదంట!"

చిన్నమ్మలు చేతిలోంచి డబ్బా జారిపోయింది. "చీవిత్ అన్నాది గదే! జీవితమని నువ్వే సెప్పినావు!" గోడవారగా కూలబడింది. "తల్లి పోయినోలికి నాను తీపి పెట్టినాను..."

మాలీయే వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మెల్లగా చెప్పింది, సుజానా తెలుగు చేసింది. చీవిత్ ఏనాడో సంస్కృతం, పాళీల నుంచి తమకు వచ్చిన మాట. సియా అంటే పోగొట్టుకోవడం. రెండూ కలిస్తే చావు.

"మనవూ పోనాడనే అంటాం," అంది చిన్నమ్మలు. "తల్లి పేరేటో అడుగు."

"బువా," అంది మాలీ.

ఆకలి అంటోందనుకుని చిన్నమ్మలు లేవబోయి ఆగింది. సుజానా వైపు భయంగా చూసింది.

"అంటే ఏటో ముందు సెప్పవే."

"తామర పువ్వు పిన్నీ."

మధ్యాహ్నం మాలీ ఇంటికి బయల్దేరి విశాఖపట్నం వెళ్లే కారు ఎక్కేదాకా చిన్నమ్మలు ఆమె చెయ్యి వదల్లేదు.