ఎడమ చెవికి పలకని హెడ్‌సెట్

ఆ హెడ్‌సెట్ కొన్న రోజు దుకాణంలో నేను చేసిన లొల్లి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు చల్లబడుతుంది.

అది రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి సంగతి. పటాన్‌చెరులో ఒక ఫోర్జింగ్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఎర్రగా కాలిన ఇనుమును పెద్ద సుత్తి యంత్రం కింద పెట్టి సాగగొట్టే షెడ్డు మాది. అక్కడ ఏళ్ల తరబడి చేశాక నన్ను తీసుకొచ్చి ఆఫీసులో కూర్చోబెట్టారు. సరుకు కొనే విదేశీ కంపెనీ ఇంజనీరు రోజూ కంప్యూటర్‌లో కాల్ చేస్తాడు. కొలతలు అడుగుతాడు. నేను చూసి చెప్పాలి. "కాల్ సమజ్ కాకుంటే చెప్పు, మళ్ల హామర్ కాడికే పంపుత" అని మేనేజర్ మొదటి రోజే అన్నాడు. ఆ వేడిలోకి మళ్లీ పోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

వైరున్న హెడ్‌ఫోన్‌తో నా వల్ల కాలేదు. కంప్యూటర్ ఒక మూల, కొలతలు తీసే బల్ల ఇంకో మూల. కాల్ మధ్యలో మరిచిపోయి లేచానంటే వైరుతోపాటు కంప్యూటరే కింద పడేది. వైర్‌లెస్‌దే, ఒక చెవికి తగిలించుకునేదే కొందామనుకున్నాను. కుడి చెవి టేబుల్ ఫోన్‌కు అలవాటు కాబట్టి దీన్ని ఎడమ చెవికి పెట్టుకోవాలని ముందే అనుకున్నాను.

ఆదివారం నా భార్యను తీసుకుని సంగారెడ్డి బజారుకు పోయాను. దుకాణం సేటు కంప్యూటర్‌లో పాట పెట్టి హెడ్‌సెట్ చేతికిచ్చాడు. ఎడమ చెవికి తగిలించుకున్నాను. చప్పుడే లేదు.

"సేటూ, ఇది నడుస్తలేదు."

ఆయన తన చెవికి పెట్టుకుని చూశాడు. "మంచిగనే వస్తుంది గద సార్."

ఇంకోటి తీశాడు. అదీ అంతే. మరోటి తీశాడు. అదీ అంతే. నాకు తిక్క రేగింది. "మేం ఎడ్డోళ్ల లెక్క కనబడుతున్నమా? డొక్కు మాలంత మాకే అంటగడుతున్నవా?" అని బల్ల మీద గుద్దాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా మావైపే చూశారు.

నా భార్య దాన్ని నా చేతిలోంచి లాక్కుని తన చెవికి పెట్టుకుంది. "పాటొస్తుందయ్యా!" అంది. నన్ను ఎగాదిగా చూసి, తీసి నా కుడి చెవికి తగిలించింది.

పాట చెవిలో గంతేసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఎడమకు మార్చాను, ఏమీ లేదు. కుడికి మార్చాను, పాట. మళ్లీ ఎడమకు పెట్టుకున్నాను. పోయింది హెడ్‌సెట్ కాదు, నా చెవి.

ఎప్పుడు పోయింది? ఒక్కనాడు నొప్పి లేదు, చీము లేదు. నా తలకున్న చెవి, నాకే చెప్పకుండా పోవడమేంది! సేటు నా తిట్లన్నీ మరిచిపోయి స్టూలు జరిపి కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నా భార్య నా కుడి పక్కకు మారి కూర్చుంది. అప్పుడు అంది, "పండుకున్నంక నేనేమన్న చెప్తె నువ్వు పలుకకపోతివి. పొగరనుకున్న. గోడ దిక్కు తిరిగి ఏడ్సిన." ఆమె పడుకునేది నా ఎడమ పక్కన. నేను కుడి చెవి దిండుకు ఆనించి పడుకునేవాణ్ణి.

చెవుల డాక్టరు, నరం దెబ్బతిన్నదనీ, ఇక తిరిగి రాదనీ చెప్పాడు. చప్పుడు దగ్గర పనిచేశారా అని అడిగాడు. చెయ్యకేం! చెవుల్లో పెట్టుకోను కంపెనీ రబ్బరు బిరడాలు ఇచ్చేది. మేము వాటిని జేబులో పెట్టుకునేవాళ్లం. నెత్తి మీదుగా నిప్పులాంటి ఇనుము క్రేన్‌కు వేలాడుతూ పోతుంటే, పక్కకు జరగమనే "హటో" అన్న కేక వినపడకపోతే ప్రాణాలు పోతాయని మా భయం. యంత్రం ఉన్న తీరుకు అందరం దానికి ఎడమ చెవి పెట్టే నిలబడేవాళ్లం.

అందరం! ఆ మాట తట్టగానే షెడ్డులో నాతో నిలబడ్డ ఒక్కొక్కరి మొహం కళ్ల ముందుకొచ్చింది.

కుడి చెవితో కాల్స్ బాగానే నడిచాయి, ఆఫీసు కుర్చీ నిలిచింది. నా మనసు మాత్రం షెడ్డులోనే ఉంది. ఒకరోజు భోజనాల వేళ హెడ్‌సెట్‌ను నా మొబైల్‌కు కలిపి, పాట పెట్టి, క్యాంటీన్‌లో మా షెడ్డువాళ్ల బల్ల దగ్గరికి పోయాను.

"అన్నా, కొత్తది కొన్న. జెర ఎడమ చెవికి పెట్టి సూడు" అని అందరికన్నా పెద్దాయన చేతికిచ్చాను.

పెట్టుకున్నాడు. "ఏం వస్తలేదు తమ్మీ."

పక్కవాడు లాక్కున్నాడు. "డొక్కుదిరా బై!" ఆ పక్కవాడూ పెట్టుకుని పెదవి విరిచాడు. సేటు నన్ను మంచిగ ముంచిండని బల్లంతా ఒకటే నవ్వు.

"సేటు మంచోడే అన్నా" అన్నాను. "ఇప్పుడు కుడి చెవికి పెట్టు."

పెద్దాయన పెట్టుకున్నాడు. నవ్వుతున్న మొహం అట్లాగే ఆగిపోయింది. ఎడమకు మార్చాడు. మళ్లీ కుడికి మార్చాడు. నా వైపు చూశాడు. తర్వాత దాన్ని తీసి, ఇంకా నవ్వుతున్న పక్కవాడి కుడి చెవికి తగిలించాడు.