రాణికి తెలియని సంగతి

ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు అమీర్‌పేట రోజులు తలుచుకుని నవ్వుకుంటారు. గదికి ఆరుగురు, నీళ్ల సాంబారు, మైత్రీవనం మెట్ల దగ్గర వద్దన్నా చేతిలో కుక్కే కోచింగ్ పాంప్లెట్లు. వాళ్లకిప్పుడు అవన్నీ సరదా కబుర్లు. నాకు మాత్రం నవ్వు రాదు. అక్కడున్నప్పుడు నేనొక ఆట ఆడాను. అందులో నాకంటే నమ్మకస్తుడు లేడని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు గుర్తొచ్చినప్పుడల్లా నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

కృష్ణా జిల్లా నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి వచ్చాను. ఏదో ఒక కోర్సు చేస్తే చాలు, కంపెనీలు కళ్లకద్దుకుని తీసుకుంటాయని మా ఊళ్లో అందరూ నమ్మే రోజులవి. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిది సనత్‌నగర్. వాళ్ల నాన్న అక్కడే ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. తను పెద్దగా మాట్లాడేది కాదు. ఫ్యాకల్టీ ఏదైనా అడిగితే తల దించుకునేది. ఇంటర్వ్యూలో ఈ పిల్ల ఏం నెగ్గుకొస్తుందిలే అని మొదటి వారమే అనుకున్నాను. మనుషుల మీద ఇట్టే తీర్పు చెప్పేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

క్లాసు ఒంటిగంటకు అయిపోయేది. నేను హాస్టల్‌కి, తను పంజాగుట్ట వైపు. రోజూ ఎక్కడికి పోతోందో చూద్దామని ఒకరోజు వెంట నడిచాను. బట్టల కొట్టు మీద మొదటి అంతస్తులో నెట్ సెంటర్. మనిషికీ మనిషికీ మధ్య ప్లైవుడ్ చెక్క అడ్డం, లోపల ఎప్పుడూ ఉడికిన చెమట వాసన. అక్కడ కూర్చున్న తనని చూస్తే ఆశ్చర్యం వేసింది. క్లాసులో నోరు పెగలని పిల్ల, కీబోర్డు మీద ఆజ్ఞలు జారీ చేస్తోంది.

ఆ ఆటలో బొమ్మలుండవు, అంతా రాతే. ఒకరు ఒక వాక్యం రాస్తే ఇంకొకరు దానికి జవాబు రాస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అదీ నాటకాల తెలుగు. ఒక రాజ్యం, కోట, అడవి, మంత్రగాళ్లు. ముప్పై మంది దాకా ఆడేవాళ్లు, ఎవరిది ఏ ఊరో ఎవరికీ తెలియదు. ప్రతివాళ్లూ ఒక పాత్ర తీసుకుని కథ సాగినన్నాళ్లూ ఆ పాత్రగానే మాట్లాడాలి. పాత్ర చచ్చిపోతే మళ్లీ బతికి రాదు.

తను అందులో రాణి. రాజ్యం పోగొట్టుకున్న రాణి. సేనాపతి తిరగబడి సింహాసనం ఎక్కితే, వేషం మార్చుకుని ఒక కుమ్మరి ఇంట్లో దాక్కుంది. ఎక్కడ దాక్కుందో ఆమె అంగరక్షకుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ అంగరక్షకుడి పాత్ర రాసే మనిషి మానేశాడట. నన్ను తీసుకోమంది. మగవాడి వేషం నాకెందుకే అన్నాను. రాసుడే గద, ఎవనికి ఎర్క అంది.

ఆ ఆటలో గట్టి నియమం ఒకటుండేది. మనిషికి తెలిసిన సంగతి పాత్రకి తెలియకూడదు. బయటి మాట ఏదైనా చెప్పుకోవాలంటే వాక్యం ముందు చుక్క గుర్తు పెట్టి రాయాలి. చుక్క పెట్టిన మాటని మనుషులు చదువుకోవచ్చు గాని, ఆ రాజ్యంలో ఎవరికీ అది వినపడనట్టు లెక్క. నేను చేరిన రెండో వారమే ఇక్కడ తప్పు చేశాను. ఆ రోజు తనకి జ్వరం. పక్క క్యాబిన్‌లో దగ్గుతోంది. జాలేసి నా అంగరక్షకుడి చేత రాణిగారికి మిరియాల కషాయం పంపించాను. "మాకేమైనదని ఈ కషాయము?" అని తెర మీద రాణి అడిగింది. వాసన చూసి పానకమనుకుని తెచ్చానని నా అంగరక్షకుడు నీళ్లు నమలాల్సి వచ్చింది. చెక్క అవతల నుంచి తను మెల్లగా అంది.

"జ్వరం నాకొచ్చిందే. రాణికి రాలే. గా తేడ తెల్వకుంటే ఆట ఆగమైతది."

ఇంత పట్టింపు దేనికని విసుక్కున్నాను. కాని నాకూ ఆ పిచ్చి పట్టింది. ఎప్పుడు ఒంటిగంటవుతుందా అని క్లాసులో గడియారం చూసేదాన్ని.

ఎండలు ముదిరే రోజుల్లో సేనాపతి మనుషులు నా అంగరక్షకుణ్ణి పట్టుకున్నారు. మూడు మధ్యాహ్నాలు విచారణ జరిగింది. రాణి ఎక్కడుందో చెప్పమన్నారు. చెప్పలేదు. కొరడాలతో కొట్టారు, నీళ్లివ్వలేదు, చివరికి ఒక కన్ను పొడిచేశారు. ప్రతిదానికీ నేను ఒక్కటే రాశాను, నాకు తెలియదని. సేనాపతిని రాసే మనిషి చుక్క పెట్టి నన్ను బతిమాలాడు. కథ ముందుకు కదలాలండీ, చెప్పేయండి, మీ పాత్రను కోటకి అధిపతిని చేస్తాను అన్నాడు. నా పాత్ర అలాంటివాడు కాదండీ అని నేనూ చుక్క పెట్టి జవాబిచ్చాను. ఆ సాయంత్రం ముప్పై మందీ పొగడ్తలతో ముంచెత్తారు. పాత్రను నిలబెట్టడమంటే ఇదీ అన్నారు.

తను చెక్క దాటి నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆటకి ఎవరైనా ఏడుస్తారా అని నవ్వబోయి ఆగిపోయాను.

"ఆటల సుత నాకోసం ఎవ్వరు గింత గట్టిగ నిలవడలే," అంది.

నేను ఎంత గర్వంగా హాస్టల్‌కి నడిచానో చెప్పలేను. పోయిన కన్ను నాది కాదని, ఆ మూడు మధ్యాహ్నాలూ ఫ్యాను కింద కూర్చుని టీ తాగుతూ దెబ్బలు తిన్నానని అప్పుడు తట్టలేదు.

నాలుగు నెలలు తిరిగేసరికి నాకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. అదృష్టమే. నాకంటే తనకే పని బాగా వచ్చు. కాని ఇంటర్వ్యూలో ఎదురుగా మనిషి కూర్చుంటే తనకి మాట పడిపోయేది. లక్డీకాపూల్ హోటళ్లలో జరిగే వాకిన్ ఇంటర్వ్యూలకి ఏడాది పాటు కాళ్లరిగేలా తిరిగింది. చదువు అయిపోయి మూడేళ్లయింది, ఈ మూడేళ్లూ ఏం చేశావని అడగడం మొదలుపెట్టారు. అమీర్‌పేటలో అలాంటివాళ్లకి ఒక దారి ఉండేది. జిరాక్స్ షాపు పైన గదిలో, ఎప్పుడూ పేరు వినని ఒక కంపెనీలో రెండేళ్లు పనిచేసినట్టు కాగితాలు తయారు చేసిచ్చేవారు. ఫ్రెషరా, ఫేక్ పెట్టావా అని టీ కొట్ల దగ్గర జనం కులాసాగా అడిగేవాళ్లు. అందరూ చేస్తున్న పని కాబట్టి తప్పన్న సంగతే మరిచిపోయాం. తనూ పెట్టింది.

ఆ కాగితాలతో పాటు, తన ఉద్యోగం సంగతి తెలిసిన మనిషిగా ఒకరి పేరూ ఫోను నంబరూ ఇవ్వాలి. ఒక ఆదివారం టిఫిన్ సెంటర్లో ఇడ్లీ చల్లారిపోయేదాకా కెలుకుతూ కూర్చుని, చివరికి అడిగింది. కంపెనీ వాళ్లు ఫోన్ చేసి అడిగితే రెండేళ్లు అక్కడ పనిచేసిందని నేనొక్క మాట చెప్పాలి, అంతే. ఇది కూడా అడగాలా, నీ అంగరక్షకుణ్ణి కదే అన్నాను. తను హాయిగా నవ్వింది. కంపెనీ వాళ్లలా గొంతు మార్చి తను ప్రశ్నలడిగితే, తడబడకుండా జవాబులు చెప్పి చూపించాను కూడా. పక్క టేబుల్ వాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

బేగంపేటలో ఒక ఆఫీసులో తనకి ఉద్యోగం వచ్చింది. వాళ్ల నాన్న షెడ్డులో అందరికీ మిఠాయి పంచారట. కొత్త చుడీదార్ వేసుకుని కంపెనీ బస్సెక్కానని నాకు ఫోన్ చేసి చెప్పింది. కాగితాల తనిఖీ మాత్రం ఇంకా జరగాల్సి ఉంది.

తను చేరిన మూడో వారంలో మా ఆఫీసులో నాకు రెండు సీట్ల అవతల కూర్చునే ఆయన్ని తీసేశారు. ఆయనవీ అవే రకం కాగితాలు. సెక్యూరిటీ మనిషి పక్కన నిలబడి చూస్తుంటే టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లకి సాయం చేసినవాళ్లనీ వదలరని మా టీమ్ లీడ్ అందరినీ పిలిచి చెప్పాడు. మర్నాడు పదకొండింటికి నా టేబుల్ మీది ఫోన్ మోగింది. టీమ్ లీడ్ నా వెనకాలే ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

అవతల ఒక ఆడమనిషి. చాలా మర్యాదగా మాట్లాడింది. నా స్నేహితురాలి పేరు చెప్పి, ఆ కంపెనీలో ఆమె రెండేళ్లు పనిచేసిన విషయం మీకు తెలుసా అండీ అని అడిగింది.

"ఆ సంగతి నాకు తెలియదండీ," అన్నాను. "మేం కోచింగ్‌లో కలిసి చదువుకున్నాం, అంతే."

ఏ సంవత్సరంలో అని అడిగింది. చెప్పాను. తన కాగితాల ప్రకారం ఉద్యోగం చేస్తూ ఉండాల్సిన సంవత్సరం అది. గుర్తులేదని అనొచ్చు. మీటింగులో ఉన్నానని పెట్టేయొచ్చు. అవేమీ చెయ్యలేదు. థాంక్యూ మేడమ్ అని ఆవిడ పెట్టేసింది. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నన్నెవరూ కొట్టలేదు, గద్దించలేదు.

నిజమే కదా చెప్పావు, అందులో తప్పేముందని తర్వాత రోజుల్లో నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. నిజం మీద ప్రేమ ఉంటే ఆ ఆదివారమే టిఫిన్ సెంటర్లో వద్దని ఉండాలి. అప్పుడు తను ఇంకొకరి పేరు ఇచ్చుకునేది. నేను మాట ఇచ్చాను, భయపడ్డాను, అమ్మేశాను. జరిగిందదే.

రెండు రోజుల తర్వాత ఫోనులో తన మెసేజ్ వచ్చింది. తీసేసిండ్రు, నాయినకు ఇంకా చెప్పలే, నువ్వేం జెప్పినవ్ అని. జవాబు రాయలేదు. ఏం రాయాలి? రాయకపోవడమే జవాబని తనకి అర్థమై ఉంటుంది. పది రోజులకి ధైర్యం తెచ్చుకుని ఫోన్ చేశాను. ఎత్తలేదు. సనత్‌నగర్ బస్సు ఎక్కి వాళ్ల ఇంటికి వెళ్లొచ్చు. బస్టాపు దాకా రెండుసార్లు వెళ్లి, మొహం చెల్లక తిరిగొచ్చాను.

ఈలోగా ఆటలో కథ చివరికొచ్చింది. సేనాపతి ఓడిపోయాడు. శనివారం మధ్యాహ్నం రాణి మళ్లీ సింహాసనం ఎక్కాలి. ఎన్నో వారాల ముందే అనుకున్న రోజు. ఈ స్థితిలో తను రాదనుకున్నాను. అయినా పంజాగుట్ట వెళ్లి నా పాత క్యాబిన్‌లోనే కూర్చున్నాను. పక్క క్యాబిన్‌లో ఎవరో అబ్బాయి రెజ్యూమే టైపు చేసుకుంటున్నాడు. సరిగ్గా మూడింటికి తెర మీద రాణి సభలోకి వచ్చింది. తను ఎక్కడి నుంచి రాస్తోందో నాకు తెలియదు.

దండాలు, జేజేలు అయ్యాయి. అప్పుడు రాణి తన అంగరక్షకుణ్ణి ముందుకు పిలిచింది. ఆ సభలో తను రాణి. నన్ను ఏమైనా చేయొచ్చు. దేశం వెళ్లగొట్టొచ్చు, ఉన్న ఆ ఒక్క కన్నూ పొడిపించొచ్చు. కారణం అడిగేవాళ్లు లేరు. నిజం చెప్పాలంటే అలా చేస్తే బాగుండునని కోరుకున్నాను. శిక్ష పడితే ఎక్కడో ఒకచోట లెక్క తేలేది.

"ప్రజలారా, మేము నేడు ప్రాణములతో నున్నామన్నచో ఈతని వలననే," అని రాణి రాసింది. "తన కన్ను నిచ్చెను గాని మా జాడ నీయలేదు."

నేను చుక్క పెట్టి రాశాను. తప్పయిపోయిందే, భయమేసింది, ఒక్కసారి మాట్లాడు అని. ముప్పై మందీ చూస్తారన్న సిగ్గు కూడా అప్పుడు లేదు. ఎవరో చుక్క పెట్టి, ఏమైందండీ, అంతా బాగేనా అని అడిగారు. తన నుంచి జవాబు రాలేదు. తను వెళ్లిపోయిందనుకున్నాను.

"మా రక్షకుడేల మౌనముగా నున్నాడు?" అని రాణి రాసింది. "ఎప్పటివలె మా యెదుట ప్రమాణము చేయుము."

అప్పుడు నాకు అర్థమైంది. నన్ను వెక్కిరించడానికి రాయలేదు. అంగరక్షకుడు ఏ తప్పూ చేయలేదు. రాణికి ఏమీ తెలియదు. బేగంపేటలో ఆఫీసుందని, అక్కడి నుంచి ఒక ఫోను వచ్చిందని రాణికి ఎలా తెలుస్తుంది? ఉద్యోగం పోయి, ఇంట్లో నాన్న మొహం చూడలేక, ఎక్కడో నెట్ సెంటర్లో కూర్చుని కూడా తను రాణికి ద్రోహం చేయలేదు. నా అంగరక్షకుడికీ చేయలేదు.

సభంతా నా ప్రమాణం కోసం ఎదురుచూస్తోంది. రాశాను. "ప్రాణమున్నంత వరకు మీ నమ్మకమును వమ్ము చేయను మహారాణీ."

"నమ్మితిమి," అని రాసింది. కొంచెంసేపటికి రాణి సభ చాలించి వెళ్లిందని వచ్చింది. ఆ తర్వాత తను ఆటలోకి రాలేదు. నా ఫోను ఎప్పుడూ ఎత్తలేదు.