టైఫాయిడ్ అని చెప్పిన జ్వరం

మా మరిదికి వచ్చింది స్వైన్ ఫ్లూ. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా సందులో ఎవరినడిగినా టైఫాయిడ్ అంటారు. ఇప్పటికీ అదే అంటారు.

నేను ప్రభుత్వ పశువైద్య ప్రయోగశాలలో, చిట్టెలుకల గదిలో పనిచేసి రిటైరయ్యాను. పంది ముక్కులోంచి తీసిన వైరస్‌ను ఎలుక ముక్కులో చుక్కగా వేసేవారు. రోజూ పొద్దున ఒక్కో ఎలుకను తూచి, తేదీ వేసి బరువు రాయడం నా పని. మొదటి ఎలుకలకు దాదాపు ఏమీ కాదు. తింటాయి, తిరుగుతాయి. వాటి ఊపిరితిత్తులను నూరి, ఆ నీటిని ఇంకొన్ని ఎలుకలకు వేస్తారు. వాటి నుంచి మరికొన్నింటికి. అలా వేస్తూ పోతే ఒక విడతలో ఎలుకలు మూలకు చేరి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి. ఇరవై గ్రాములది పదిహేనుకు దిగుతుంది.

అప్పటికి వైరస్‌లో మారింది చాలా కొద్ది. తన నకళ్ళు తీసుకునేటప్పుడు అది తప్పులు చేస్తూనే ఉంటుంది. ఆ తప్పుల్లో ఏదో ఒకటి దానికి కలిసొస్తుంది. కొత్త ఒంట్లో తొందరగా పెరగడం, ముక్కు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా దిగడం దానికి చేతనవుతాయి. చూలు ఎలుకలు మిగతా వాటికన్నా ముందే నీరసించేవి. మనుషుల విషయంలోనూ అంతే. పందుల్లో రకరకాల వైరస్‌లు కలిసి పుట్టినది మనిషికి అలవాటు పడింది. పడ్డాక దానికి పందితో పనిలేదు, మనిషి దగ్గితే చాలు. ఇప్పుడది చలికాలపు జ్వరాల్లో ఒకటి. పేరు మాత్రం పందిదే మిగిలింది.

మా మరిది గుడిలో అర్చకుడు. నా భర్త పోయాక కూడా నేను ఆ ఇంట్లోనే పై గదిలో ఉంటున్నాను. ఆ చలికాలం ఆయనకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి, స్వైన్ ఫ్లూ అని తేల్చారు. మాత్రలిచ్చి, ఒక గదిలో విడిగా ఉండమని, ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దని పంపారు. ఇంటికొచ్చి నన్నూ తోటికోడలినీ పిలిచి కూర్చోబెట్టాడు.

“వదినా, టైఫాయిడ్ అని చెప్పుర్రి. గా పంది పేరు బయటవడితె నన్ను గర్భగుడిల ఎవరు అడుగువెట్టనిస్తరు?”

పేరు ఏదైనా చెప్పుకో, తలుపు మాత్రం మూసుకో అన్నాను. టైఫాయిడ్‌కు ఎవరూ తలుపు మూయరని, మూస్తే సందంతా అనుమానిస్తుందని అన్నాడు. తలుపు తెరిచే ఉంచారు.

ఎదురింటి ముస్లిం ఇల్లాలు నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను చెల్లె అంటాను. ఆమె కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఏడో నెల. నైవేద్యం వాళ్ళు తినరు కనుక, ఆ ఇంట్లో చూలాలు ఉంటే దేవుడికి చూపకుండా మా ఇంట్లోనే విడిగా పులిహోర కలిపి పెట్టడం మా అత్తగారి కాలం నుంచీ ఉంది. ఈ పిల్ల పంపేదాకా ఆగేది కాదు. తానే వచ్చి మా వసారాలో కూర్చుని తినేది. పెట్టడం ఆపితే ఎందుకాపారని అడుగుతారని తోటికోడలు ఆపలేదు. పిల్ల కూర్చునే చోటికీ మరిది మంచానికీ మధ్య ఒక కర్టెన్, అంతే. ఆయన దగ్గినప్పుడల్లా అల్లం నమలమని పిల్ల అక్కణ్ణుంచే సలహా ఇచ్చేది.

నేను ఎదురింటికి వెళ్ళి ఉన్నది చెప్పాను. ఆ ఇంట్లో పంది పేరు పలకరు. తప్పదనుకుంటే బద్ జాన్వర్ అంటారు, చెడ్డ జంతువు అని. ఆమె ఈనె తీస్తున్న చిక్కుడుకాయను పళ్ళెంలో పడేసింది.

“అక్కా, గా బద్ జాన్వర్ మాట మా గడపల తియ్యకు. మేం దాన్ని ముట్టం, దాని దిక్కు గూడ చూడం. గా బీమారీ మాకెట్లొస్తది?”

“దానికి పంది అక్కర్లేదు చెల్లె. దగ్గు చాలు.”

“మీ ఇంట్ల అందరు టైఫాయిడ్ అంటున్నరు గద. నువ్వొక్కదానివేంది గిట్లంటున్నవ్? మరిదితోని లొల్లి అయిందా?”

ఆ సాయంత్రం ఆమె వచ్చి తోటికోడలిని అడిగింది. తోటికోడలు దీపం ముందే నిలబడి టైఫాయిడ్ అంది. మర్నాడు పిల్ల వచ్చినప్పుడు నేను గుమ్మంలో అడ్డం నిలబడితే, నా వెనకనుంచి తోటికోడలు రమ్మని పిలిచింది. పెద్దామెకు చాదస్తమని ఇద్దరూ నవ్వుకున్నారు.

పిల్లకు జలుబులాగే మొదలైంది. కషాయం తాగించారు. చుట్టుపక్కల ఎవరికైనా జ్వరముందా అని డాక్టరు అడిగితే, ఎదురింట్లో టైఫాయిడ్ అని చెప్పి వచ్చింది తల్లి. మా మరిది మొదటి రోజే మింగిన మాత్రలు ఆ పిల్లకు అందేసరికి ఆయాసం మొదలైంది. పెద్దాసుపత్రిలో ఊపిరి మిషన్ మీద పెట్టారు. పిల్ల బతికింది. కడుపులోది బతకలేదు.

వైరస్ అదే. ఆయన ఒంట్లో ముక్కూ గొంతూ దాటలేదు, ఆమె ఒంట్లో ఊపిరితిత్తులు నింపింది. వైరస్ ఎంత నేర్చుకుందన్నది సగమే. అది చేరిన ఒళ్ళు ఎవరిది, మందు ఎప్పుడు పడింది అన్నవి మిగతా సగం. మా మరిది లేచి తిరిగాక, టైఫాయిడ్ నుంచి గట్టెక్కించినందుకు సత్యనారాయణ వ్రతం చేసుకుని సందంతటినీ భోజనానికి పిలిచాడు. ఎదురింటివాళ్ళు అప్పటికింకా ఆసుపత్రిలోనే ఉన్నారు.

తిరిగి వచ్చాక చెల్లె నాతో మాట్లాడలేదు. గడపలో నేను ఆ పేరు తీయబట్టే ఇదంతా అయిందని సందులో అందరికీ చెప్పింది. తోటికోడలు కాదనలేదు. వాళ్ళిద్దరి మధ్య రాకపోకలు మునుపటిలాగే ఉన్నాయి. నేనే ఎవరికీ కానిదాన్నయ్యాను. ఇంటిగుట్టు బయటపెట్టానని మావాళ్ళకు కోపం, అపశకునం పలికానని వాళ్ళకు కోపం.

ఈ ఏడు ఆ పిల్లకు మళ్ళీ నెల తప్పింది. పుట్టింటికి వచ్చింది. కాన్పు అయ్యేదాకా నన్ను ఎదురు రావద్దని కబురు పంపారు. నేను వెళ్ళను. కానీ ఫ్లూ రాకుండా సూది ఉంది, చూలాళ్ళు వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. నా నోటితో చెబితే ఆ ఇంట్లో చెల్లదు. మా మరిది మాటంటే వాళ్ళకు గురి. ఆయన దగ్గరికెళ్ళి, ఒక్కసారి చెప్పి రమ్మని అడిగాను. తడిబట్టతో తుడుస్తున్న పంచపాత్ర పక్కన పెట్టి నావైపు చూశాడు.

“నాకొచ్చింది టైఫాయిడ్ గద వదినా. గా సూది సంగతి నేనెట్ల చెప్పాలె?”

సందులో దగ్గులు మొదలయ్యాయి. పిల్ల సూది వేయించుకుందో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు.