జాంబీలు చెప్పులు విడిచిన సాయంత్రం

హోళీ వెళ్లిన వారం నన్ను బోధన్‌కు పంపించారు. ఒక టీవీ ఛానల్ కోసం తీస్తున్న జాంబీ సీరియల్‌లో మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ అక్కడ తీయాలి. నా హోదా కో-డైరెక్టర్. డైరెక్టర్ తర్వాతి మెట్టు అది. ముఖ్య నటులను డైరెక్టర్ చూసుకుంటే, వాళ్ల వెనక కదిలే జనమంతా కో-డైరెక్టర్ బాధ్యత. పెళ్లి సీన్లో బంతి భోజనాలవాళ్లు, బస్టాండ్ సీన్లో ప్రయాణికులు, ఈ సీరియల్లో జాంబీలు నా శాఖ. నేను నవీపేట్‌లో పుట్టినవాణ్ణి కాబట్టి అక్కడి మాట వచ్చు. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. జనంతో పని చేయించడానికి ఇవి చాలనుకునేవాణ్ణి.

డైరెక్టర్ పేరు కీర్తన. ముప్పై నిండని అమ్మాయి. అంతకుముందు ఆమె తీసిన సీరియల్‌ను ఛానల్ సగంలో ఆపేసింది. ఈ ఆఖరి ఎపిసోడ్ జనానికి పడితేనే రెండో సీజన్, లేకపోతే దుకాణం కట్టేయడమే అని ముందే చెప్పేశారు. వచ్చిన రోజే నాతో అంది, “ఇది కూడా ఆగిపోతే నాకింకెవరూ పని ఇవ్వరు సార్” అని. ఆమెకు టీ తెప్పించాను.

కథ చెప్తాను. ఊరికేదో జబ్బు తగులుకుని అందరూ జాంబీలైపోతారు. ఒక్క నర్సు మిగులుతుంది. ఊరంతా చెరకు తోటలోంచి ఆమె ఇంటి మీదికి వస్తుంది. ఆమె తలుపు తీసి వాళ్లను లోపలికి రానిచ్చి, పెరటి దారిన బయటపడి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి ఇంటికి నిప్పు పెడుతుంది. ఛానల్‌కు ఆ మంట కావాలి. కీర్తనకు మాత్రం అది మింగుడు పడలేదు. “వాళ్లంతా ఆమె సూదిమందు వేసిన మనుషులే కదా సార్. కాల్చేశాక ఆమె ఎవరి కోసం బతకాలి?” అని రోజూ నా ప్రాణం తీసేది. ఇంకో ముగింపు మాత్రం తోచలేదు. తోచనిదాన్ని తీయలేం కదా, ఇల్లు కాలకుండా గ్రాఫిక్స్‌లో వేసే ఆ మంటకే ఏర్పాట్లు చేసుకున్నాం.

మాకు దొరికిన ఇల్లు, దాని ముందున్న చెరకు తోట రెండూ రాజవ్వవి. పెద్దావిడ, మాట పదును. ఇల్లు ఇవ్వడానికి ఒకే షరతు పెట్టింది. “మా కడపకు పసుపు లేకుంట ఒక్క దినం గూడ ఉంచ. కడమదంతా మీ ఇష్టం, దయ్యాల కొంప లెక్క జేసుకోండ్రి” అంది. కడప అంటే గడప. పాడుబడ్డ కొంపకు పసుపేమిటని ఆర్ట్ డైరెక్టర్ గొణిగాడు. నర్సు బతికే ఉంది కదా, ఆమే పెట్టుకుందనుకుందాం అని కీర్తన తేల్చేసింది. రాజవ్వ రోజూ పొద్దున్నే కడిగి పసుపు రాసేది. అది తొక్కుడు పడకుండా మావాళ్లు గడప మీద చెక్క పరిచేవాళ్లు. రిహార్సల్సన్నీ ఆ చెక్క మీదే జరిగాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

జాంబీ వేషాలకు ఆ ఊరివాళ్లనే పెట్టుకున్నాం. పసుపు, వరి పండించే రైతులు, వాళ్ల ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద సాయన్న. మొదటి రోజు నడవమంటే అందరూ ఊరేగింపులో నడిచినట్టు నడిచారు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చివరికి, పొద్దంతా నాటేసి ఒడ్డెక్కినప్పుడు ఎట్ల నడుస్తారో అట్ల నడవమన్నాను. అంతే! నడుములు వంగాయి, కాళ్లు ఈడ్చుకుంటూ కదిలాయి. చూస్తున్న నాకే ఒళ్లు జలదరించింది. వాళ్ల మనసులను మాత్రం చంపలేకపోయాను. ఒక రిహార్సల్లో నర్సు వేషం వేసిన అమ్మాయి తడబడితే, ఆమెను కొరకాల్సిన జాంబీ చెయ్యి పట్టుకుని “పైలం బిడ్డా, మెట్టున్నది” అంది. నేను మైకులో అరిచిన అరుపుకు తోటలో పిట్టలు లేచిపోయాయి.

తోటలో ఎండిన చెరకాకు, పుల్లలు గుచ్చుకుంటాయని అందరినీ చెప్పులు వేసుకోమని నేనే చెప్పాను. సీన్ తీసే రోజుకు మరునాడు పొద్దున్నే రాజవ్వ తోట కోతకు వస్తోంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కోతవాళ్లు గట్టు మీద అప్పటికే గుడిసెలు వేసుకుని మరాఠీలో వంటల ముచ్చట్లు చెప్పుకుంటున్నారు. కోత ఆపితే చెరకు తూకం తగ్గిపోతుంది, రాజవ్వను ఆపమనే ముఖం మాకు లేదు. పైగా కీర్తనకు కావలసింది పొద్దుగూకే ముందరి ఎర్రటి వెలుగు. అంటే మాకు ఒకే ఒక్క టేక్.

టేక్ ముందు కెమెరామన్ కెమెరాను గడప ఎత్తుకు దించి, ఫ్రేములో పడుతోందని చెక్క తీయించాడు. నేను జనంతో తోటలో ఉన్నాను, నాకు తెలియదు. ‘యాక్షన్’ వినబడగానే వాళ్లను వదిలాను. మూలుగుతూ, ఊగుతూ చెరకును చీల్చుకుని వెళ్లారు. ఇంత బాగా ఏ రిహార్సల్లోనూ చేయలేదు. మురిసిపోతూ వెనకే వెళ్లి చూద్దును కదా, గడప ముందు చెప్పుల గుట్ట! ఒక్కరి కాలికీ చెప్పు లేదు. అందరూ విడిచే లోపలికి పోయారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికే పొద్దు సగం దిగింది, రెండో టేక్‌కు వెలుగు లేదు. కీర్తన మానిటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల బతుకు నా జనం చేతుల్లో మట్టిపాలైందని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఏడుపంతా సాయన్న మీద అరుపై వెళ్లింది.

“నీకు బుద్ధుందా సాయన్నా? శవాలెక్కడన్న చెప్పులిడిసి లోపలికి పోతయా?”

సాయన్న ముఖానికి పూసిన రబ్బరు చర్మం వేలాడుతోంది. తాపీగా అన్నాడు. “కడపకు పసుపు వెట్టి ఉన్నది గద సార్. సచ్చినంత మాత్రాన గంత బుద్ధి లేకుంట పోతమా?”

నేను మళ్లీ నోరు తెరిచేలోపు కీర్తన లేచి నిలబడింది. సాయన్నను ఆ మాట మళ్లీ అనమంది. అతను భయపడుతూ మళ్లీ అన్నాడు. ఆమె నన్ను పిలిచి టేక్ మొత్తం మానిటర్‌లో మళ్లీ వేయించింది. అప్పుడు చూశాను. మనుషులు పళ్లు కొరుకుతూ వస్తున్నారు. గడప మీది పసుపు కంటబడగానే, అడుగు ఆగకుండానే కాళ్లు వాటంతటవే చెప్పులు వదిలేస్తున్నాయి. పసుపును దాటుకుని అడుగు లోపల పడుతోంది. మతి పోయినా కాళ్లకు ఇల్లు గుర్తుంది.

“ఆ చెప్పులు ఎవరూ ముట్టుకోవద్దు” అని కీర్తన కేక వేసింది. నా గొంతు కూడా దానిముందు దిగదుడుపే. ఉన్న కాస్త వెలుగులో ఆమె తీసింది ఇంతే. నర్సు పెరటి నుంచి ముందుకు వస్తుంది, అగ్గిపుల్ల గీస్తుంది, చెప్పుల గుట్టను చూస్తుంది. పుల్ల వేళ్లదాకా కాలుతుంది. ఊది ఆర్పేస్తుంది. మెల్లగా తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టి, మందు వెతకడానికి బయలుదేరుతుంది.

మంట ఏదని ఛానల్ పెద్దమనిషి ఫోన్లో గట్టిగానే అడిగాడు. ముందు చూడండి, తర్వాత తిట్టండి అని కీర్తన చెప్పింది. చూశాక ఆయన తిట్టలేదు.

ఎపిసోడ్ వచ్చిన రోజు రాజవ్వ ఇంట్లోనే అందరం చూశాం. చెప్పుల గుట్ట రాగానే వెనక నుంచి ఒక ఆడమనిషి, “అగో, నీలం పట్టీలయి నావే!” అంది. ఇక ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కోవడంలో చివరి డైలాగు ఎవరికీ వినబడలేదు. రాజవ్వ మాత్రం గడపనే చూసుకుంది. కీర్తన నవ్వడం నేను మొదటిసారి అక్కడే చూశాను. కొన్నాళ్లకు రెండో సీజన్ ఖాయమైంది.

మా పనిలో రిటైర్మెంటు ఉత్తర్వులు ఉండవు. మోకాళ్లు మొరాయించిన రోజే విరమణ. నాకది రెండో సీజన్ తర్వాత వచ్చింది. ఆ సీజన్లో రిహార్సల్స్ అసలు నేల మీదే చేయించాను, ఏదీ కప్పనివ్వలేదు. జనంలో ఒక్కడు తప్పు చేస్తే దిద్దాలి. ఎవరూ చెప్పకుండానే అందరూ ఒకే తప్పు చేస్తే, మైకు కింద పెట్టి ఎందుకని అడగాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకది ఆలస్యంగా తెలిసింది.

ఆ సీజన్ మొదటి రోజున, ముఖానికి రబ్బరు పూయించుకుంటూ సాయన్న నన్ను అడిగాడు. “సార్, గీసారి మేము సచ్చినోళ్లమా, బుద్ధి ఉన్నోళ్లమా?”

రెండూ అని చెప్పాను.