లైటు వెలిగింది, ముందర చక్రాలు తిరగలేదు: మైదుకూరులో పాత ఫోర్ వీల్ బండి బేరం

కర్నూలు, కడప జిల్లాల సమస్త జీపు ఆసాములకూ, వాళ్ల డ్రైవర్లకూ, ఆ బండ్ల కింద నీడకు పడుకునే కుక్కలకూ ఇందుమూలంగా ప్రకటించేదేమనగా: ఈ రోజు నుంచి నేను బస్సులో కిటికీ పక్క సీటు కోసం బామ్మర్దితో పోట్లాడను. హోటల్లో రెండోసారి చట్నీ పోయలేదని అలగను. బండికి కట్టిన నిమ్మకాయలు ఎండిపోయినా ఎవరినీ ఎగతాళి చేయను. ఈ మూడు విషయాల్లోనూ నాకు కోపం అయిపోయింది. ఉన్న కోపమంతా మైదుకూరులో ఒకే మనిషి మీద ఖర్చు పెట్టి వచ్చాను.

మా బామ్మర్ది ఓబులేసుది పత్తికొండ అవతల నల్లరేగడి ఊరు. ఎండాకాలంలో ఆ దోవ బాగానే ఉంటుంది. వాన పడిందా, కాలికి చెప్పు మిగలదు, ఆటో ఊరికి రాదు. పోయినేడు వానల్లో వాడి భార్య సుంకమ్మకు నొప్పులొస్తే నలుగురు మంచం మీద పెట్టుకుని తారురోడ్డు దాకా మోశారు. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది, శ్రావణంలో కాన్పు అన్నారు. శ్రావణమంటే మళ్లీ అదే బురద. అందుకే వాడు గొర్రెలు అమ్మేసి, నాలుగు చక్రాలూ లాగే పాత బండి కొంటానని పట్టు పట్టాడు. నాతో ఒక్క మాట చెప్పకుండా, ఫోన్‌లో ఫొటో చూసి ముప్పై వేలు అడ్వాన్సు కూడా పంపేశాడు.

"ఏం చూసి పంపినావురా?" అని అడిగితే, "పెద్దాయన తిరిగిన బండంట బావా!" అన్నాడు. ఆ పెద్దాయన పేరు చెబితే మా వైపు పిల్లలు కూడా ఏడుపు ఆపుతారు. ఇక్కడ రాయను, నాకూ సంసారం ఉంది. ఇది మా సీమకు పట్టిన జబ్బు. పాత బండి కొనేటప్పుడు ఇంజను సంగతి ఆఖర్న అడుగుతాం. మొదట అడిగేది, ఎవరు కూర్చున్న బండి అని. పెద్దమనిషి కూర్చుంటే గేరుబాక్సుకు బలం వస్తుందని ఎవడు చెప్పాడో వాడు నాకు దొరకాలి.

మరుసటి రోజు పొద్దున ఆరింటికి కర్నూలు బస్టాండులో ఇద్దరం కడప బస్సు ఎక్కాం. నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరుకు నాలుగు గంటల లోపే చేరుస్తుంది, టికెట్టు మనిషికి రెండొందల యాభై దాకా. ఉగ్గాని, బజ్జీ కర్నూలులోనే తినేసి ఎక్కండి. దారిలో బస్సు ఆగిన చోట మేం తిన్న ఇడ్లీతో గోడ కట్టొచ్చు. మైదుకూరులో దిగి షేర్ ఆటో ఎక్కితే ఊరి చివర పాత బండ్ల షెడ్డు. దాని ఆసామి పేరు రమణ. నుదుట బొట్టు, నోట తేనె.

తెల్లని బండి, కడిగి టైర్లకు నల్లరంగు పూసి, రేకుల కింద నీడలో నిలబెట్టాడు. బానెట్టు మీద చెయ్యి పెడితే దోసె పెనం మాదిరి కాలింది.

"ఏమప్పా రమణా, దీనికి జరమొచ్చిందా?"

"ఎండలు గదన్నా."

"నీడలో యాడి ఎండప్పా?"

మనం వచ్చే ముందే ఒకసారి స్టార్టు చేసి ఉంచారంటే, చల్లటి ఇంజను కక్కే పొగ మన కంట పడకూడదని. రమణ లోపలికెక్కి, ఫోర్ వీలు వేసే చిన్న గేరు కడ్డీ లాగాడు. స్టీరింగు ముందర పచ్చలైటు వెలిగింది.

"సూడన్నా, లైటు ఎలగతాండాది! ఫోర్ వీలు పక్కా!"

ఓబులేసు ఆ లైటుకు దండం పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ లైటు కడ్డీ కదిలిందని చెబుతుంది. ముందర చక్రాలకు బలం అందుతోందా అంటే దానికేం తెలుసు? నేను టెన్తు తప్పినవాణ్నే గానీ, పదేళ్లు సర్వీసు జీపు తోలినవాణ్ని.

"ఇసకలోకి తోలప్పా," అన్నాను.

"ఇసకెందుకన్నా, తారురోడ్డు మీద సూపిస్తా రా."

"గట్టి రోడ్డు మీద ఫోర్ వీలేస్తే గేర్లు బిగుసుకుంటాయని నీకు తెల్దా? వంకలోకి తోలు."

షెడ్డు వెనకాలే ఎండిన వంక ఉంది, నీళ్లు లేని వాగు, నిండా ఇసుక. ఫోర్ వీలు పని చేయాలంటే ముందు చక్రాల లాకులు బిగించాలి; తర్వాత సాకు చెప్పకుండా వాటిని నా చేత్తోనే బిగించాను. రమణ తోలాడు. ఇసుకలో కాస్త దూరం పోయిందో లేదో, వెనక చక్రాలు గుంత తవ్వుకుంటూ కూర్చున్నాయి. ముందరివి అలిగిన అల్లుళ్ల మాదిరి కదల్లేదు. ఇసుకలో బోర్లా పడుకుని కిందికి చూశాను. ముందర చక్రాలకు బలం మోసే షాఫ్టు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"షాఫ్టు యాడప్పా?"

"పాత ఓనరు పీకిచ్చినాడేమోన్నా, మైలేజీ కోసరం."

"అంటే పెద్దాయన మైలేజీ లెక్కలేసుకుంటా తిరిగినాడా?"

రమణ ముఖం మారింది. "సూడన్నా, అడ్వాన్సు తిరిగిచ్చేది మా దాంట్లో లేదు. కావాల్నంటే షాఫ్టు ఏపిస్తా, దానికి యేరే దుడ్లు."

ఓబులేసు బతిమాలాడు. "గొర్రెలమ్మిన దుడ్లన్నా అవి. పోయినేడు నా పెండ్లాన్ని మంచం మీద మోసినాం, బిడ్డ పాయె. ఈసారన్నా..."

రమణ ఫోన్‌లో ఏదో చూసుకుంటూనే అన్నాడు: "అందరికీ కష్టాలుంటాయప్పా. మీ ఊర్లో వానొస్తే నేనేం జేయాల?"

ఆ మాటకు నా చెయ్యి లేచింది, ఓబులేసు పట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు మద్దిలేటి. పెద్దాయన దగ్గర ఏళ్లుగా బండి తోలుతున్న డ్రైవరు, నాతో పాటు జీపు తోలినవాడు. గట్టెక్కి, కింద రమణకు వినపడేంత గట్టిగా ఫోన్ చేశాను.

"మద్దిలేటన్నా, మీ సారు బండంట, మైదుకూరులో అమ్ముతాండారు. ముందర షాఫ్టు లేదు. మీరే పీకినారా? ఏమీ? సారుకు ఆ బండే లేదా? సరేన్నా, ఈడనే ఉంటాం, నువ్వొచ్చి మాట్లాడు."

కిందికి దిగేసరికి రమణ నుదుటి బొట్టు చెమటకు కారుతోంది. "ఆయప్పను రావద్దని చెప్పన్నా, ఇంత దానికేంటికి?" అంటూనే ముప్పై వేలూ ఓబులేసు ఫోన్‌కు పంపేశాడు. బండిని బయటికి లాగే ట్రాక్టరు ఇంకా రానేలేదు, మేం బస్సెక్కేశాం.

బస్సు ఆళ్లగడ్డ దాటింది. అప్పుడు ఓబులేసు అడిగాడు: "దుడ్లయితే వచ్చె. శ్రావణానికి ఎట్ల బావా?" "దోవ మన ఊరికి రాదురా. మనిషినే దోవ కాడికి తెచ్చుకుందాం," అన్నాను. ఆ డబ్బులోంచే పత్తికొండలో ఆస్పత్రి దగ్గర ఒక గది బాడుగకు తీసుకున్నాం. వానలు మొదలయ్యే ముందే సుంకమ్మ అక్కడికి మారింది. గది చూసి ఆమె అన్న మాట: "ఈ తెలివి గొర్రెలు అమ్మకముందు రాలేదా మీ ఇద్దరికీ?"

నాలుగు చక్రాలూ లాగే బండ్లెక్కి కొండలెక్కుతూ కేకలేసే వీడియోలు నేనూ చూస్తాను. వాళ్లకది సరదా. మా వైపు ఒక ఆడమనిషి కాన్పుకు పోవాలంటే అదే బండి కావాల్సి వస్తోంది. రోడ్డు వేయాల్సిన వాళ్లు వేయకపోతే, గొర్రెలమ్ముకున్నవాడు షాఫ్టు లేని బండిని వెతుక్కుంటూ రెండు జిల్లాలు తిరగాలి. రమణ మీద కోపం తీరింది. ఇది మాత్రం తీరేది కాదు.

మీరూ పాత ఫోర్ వీల్ బండి కొనబోతుంటే ఒక్కటే చేయండి. లైటును నమ్మొద్దు. బండిని ఇసుకలో దింపించి, మీరు బయట నిలబడి ముందర చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూడండి.

ఇంకొక మాట. మద్దిలేటి అనే డ్రైవరు లేడు. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు, గట్టు మీద నిలబడి ఒట్టి ఫోన్‌తో మాట్లాడాను. రమణ పెద్దాయనకు లేని బండిని అంటగట్టాడు, నేను లేని డ్రైవరును అంటగట్టాను. సుంకమ్మ నిజం, మంచం నిజం, పోయిన బిడ్డ నిజం. వాటికి తల కూడా ఎత్తని మనిషి, లేని మద్దిలేటికి వణికాడు.